పాటలో పెద్ద పదాలకు ప్రాస దొరకాలంటే

మీ ప్రశ్న ఇదీ: ట్యూన్ ముందే ఉంది, దానికి మాటలు రాస్తున్నారు. కల, అల, వల లాంటి చిన్న మాటలకు ప్రాస ఇట్టే దొరుకుతోంది. పాదం చివర ‘మరిచిపోలేకపోతున్నాను’, ‘జ్ఞాపకాలు’, ‘నిరీక్షణ’, ‘హైదరాబాదు’ లాంటి పెద్ద మాట పడితే మాత్రం రెండో పాదం కదలడం లేదు. నిఘంటువు తిరగేసినా లాభం లేకపోయింది.

నిఘంటువులో దొరక్కపోవడంలో వింతేమీ లేదు. శబ్దరత్నాకరం గానీ, సూర్యరాయాంధ్ర నిఘంటువు గానీ మాటల్ని మొదటి అక్షరం వరుసలో పేరుస్తాయి. మీకు కావలసింది చివరి అక్షరాల వరుస. పైగా పాటలో పాదం నిఘంటువు రూపంతో ముగియడం తక్కువ. అక్కడ ‘జ్ఞాపకం’ అని ఉంటుంది, మీ పాదంలో జ్ఞాపకాలు, జ్ఞాపకమై, జ్ఞాపకమా, జ్ఞాపకాల్లో అని వస్తుంది. తెలుగులో పెద్ద మాట తోక చాలాసార్లు ప్రత్యయమే. తోకకు తోక కలిపి ప్రాస అయిపోయిందనుకోవడం దగ్గరే పాట పల్చబడుతుంది.

‘వస్తున్నాను’, ‘చూస్తున్నాను’ అని రెండు పాదాలు ముగించారనుకోండి. ‘స్తున్నాను’ అనేది ఎన్నో క్రియలకు ఒకేలా తగిలే ముక్క. మొదటి పాదం వినగానే రెండోది ఎలా ముగుస్తుందో చెవి ముందే ఊహించేస్తుంది, కాబట్టి దానికి రుచి తెలియదు. అదే ‘వెతుకుతున్నా’, ‘బతుకుతున్నా’ అంటే కలిసింది ప్రత్యయం ఒక్కటే కాదు, దాని ముందున్న ‘తుకు’ కూడా. అసలు ప్రాస అక్కడుంది. ప్రత్యయం ఎలాగూ కలుస్తుంది, దాని లెక్క వదిలేయండి. దానికి ముందున్న ఒకటి రెండు అక్షరాలు కలుస్తున్నాయా లేదా అన్నదే చూడాలి.

కాబట్టి మొదట మాటను విరిచి కాగితం మీద పెట్టండి. ‘పలకరింపు’ తీసుకుందాం. చివర ‘ఇంపు’ ప్రత్యయం, చాలా ‘ఇంచు’ క్రియలకు వస్తుంది. దాని వెనక ‘లకర’ ఉంది. ఈ ‘లకరింపు’ మొత్తం కలిసేవి పులకరింపు, చిలకరింపు. ఇవి మొదటి రకం, నాలుగక్షరాలు కలుస్తున్నాయి. ‘కరింపు’ వరకే కలిసేది కనికరింపు. కలవరింపు, పలవరింపుల్లో మధ్యన ఒక్క ‘క’ స్థానంలో ‘వ’ వచ్చింది, మిగతావన్నీ వరుసలోనే ఉన్నాయి కాబట్టి చెవి ఒప్పుకుంటుంది. బెదిరింపు దగ్గరికొచ్చేసరికి ‘రింపు’ తప్ప ఏమీ మిగల్లేదు, అది చివరి రకం. పైగా దానికి మాత్రలు (పలికే కాలపు కొలతలు) కూడా చాలవు: పలకరింపు 6 మాత్రలు, బెదిరింపు 5.

మాత్రల లెక్క తెలిసే ఉంటుంది, అయినా ఒక్క మాట. హ్రస్వానికి 1, అది లఘువు. దీర్ఘానికి, సున్న పక్కనున్నదానికి, ద్విత్వానికో సంయుక్తానికో ముందున్నదానికి 2, అది గురువు. వేళ్ల మీద లెక్కపెట్టడం కాదు, ప-ల-క-రిం-పు అని పలుకుతూ 1, 1, 1, 2, 1 అని పక్కన రాసుకోండి. పెద్ద మాటలకు ప్రాస వెతికేటప్పుడు ఈ అంకెలు లేకుండా మొదలుపెట్టొద్దు. శబ్దం కలిసి మాత్రలు కలవని మాట దొరికితే దాని మీద మోజుపడి గంట పోగొట్టుకుంటారు, చివరికి అది ట్యూన్‌లో కూర్చోదు.

విరిచిన తర్వాత ముందుండే అక్షరాన్ని తిప్పడం. ఇది నోటితో చేసే పని, కాగితం అక్కర్లేదు. ‘నడుస్తున్నా’కు తోక ‘డుస్తున్నా’. దాని ముందు అచ్చుల నుంచి హ వరకు అన్నీ పెట్టుకుంటూ వెళ్లండి, ప్రతి హల్లుకూ అ, ఇ, ఉ, ఎ, ఒ ఐదు గుణింతాలు చాలు. గడుస్తున్నా, తడుస్తున్నా, పొడుస్తున్నా, విడుస్తున్నా. మూడు నాలుగు నిమిషాల్లో వరుస పూర్తవుతుంది. అర్థం లేని శబ్దాలు వచ్చినా ఆగకుండా పలకండి. ఆగి ఆలోచించేవాళ్లకు తెలిసిన మాటలే మళ్లీ మళ్లీ తగులుతాయి, వరుసగా పలికేవాళ్లకు మరిచిపోయిన మాట తగులుతుంది.

ఇక్కడ తెలుగు ఇచ్చే ఒక వరం ఉంది. ‘తున్నా’కు రెండు పనులున్నాయి: నేను చేస్తున్నాను అనడం, ‘అయినా సరే’ అనడం. ఒక పాదంలో ఒకటి, రెండో పాదంలో ఇంకొకటి వాడితే ఆ ప్రత్యయానికే కొత్త రుచి వస్తుంది.

రోజులెన్నో గడుస్తున్నా
నీడలాగే నడుస్తున్నా

మొదటిది ‘గడిచిపోతున్నప్పటికీ’, రెండోది ‘నడుస్తున్నాను’. రెండు పాదాలకూ 7+7 మాత్రలు, 3+4గా విరుగుతాయి, మిశ్రగతికి (ఏడేసి మాత్రల నడకకు) సరిపోతాయి. ప్రత్యయంతోనే ప్రాస కట్టక తప్పని చోట ఈ దారి పట్టండి.

ఇప్పుడు మీ ‘మరిచిపోలేకపోతున్నాను’. దీనికి 15 మాత్రలు. దీనికి ప్రాస వెతకొద్దు, దీన్నే తగ్గించండి. పెద్ద క్రియలకు తెలుగులో ఎప్పుడూ నాలుగైదు మెట్లుంటాయి: మరిచిపోలేకపోతున్నాను, మరిచిపోలేకున్నా, మరిచిపోలేను, మరవలేను. చివరిదానికి 6 మాత్రలు. తోక ‘లేను’ తీసేస్తే ‘రవ’ మిగులుతుంది. అక్షరం తిప్పితే ‘తెరవలేను’ దొరుకుతుంది, నాలుగక్షరాలు నిండుగా కలుస్తాయి.

నువ్వు రాసిన ఉత్తరాన్ని తెరవలేను
తెరవకున్నా అక్షరాన్ని మరవలేను

మాత్రలు 7+6+6. పాడేటప్పుడు ‘ఉత్తరాన్నీ’, ‘తెరవలేనూ’ అని చివర్లు సాగితే 7+7+7. ఇందులో ఇంకో రెండు పనులు జరిగాయి, చూడండి. ‘ఉత్తరాన్ని’, ‘అక్షరాన్ని’ మధ్యలో ‘రాన్ని’ దగ్గర కలిశాయి. మొదటి పాదం ఏ మాటతో ముగిసిందో రెండో పాదం దాని రూపంతోనే ఎత్తుకుంది. దీన్ని ముక్తపదగ్రస్తం అంటారు. విడిచిన మాటను మళ్లీ అందుకోవడమన్నమాట. పెద్ద మాటకు జోడీ ఎంతకీ దొరక్కపోతే ఇదే అన్నిటికంటే నమ్మకమైన దారి: ప్రాస వెతకడం మానేసి ఆ మాటతోనే తర్వాతి పాదం మొదలుపెట్టండి. వినేవాడికి లోటు తెలియదు.

తెలంగాణ మాటలో రాస్తుంటే ‘మర్చిపోతలేను’ అని 9 మాత్రల్లో వస్తుంది, ‘తలేను’ తోక వేరే ప్రాసల గుంపును తెరుస్తుంది. కానీ ఒక పాదంలో ‘పోతలేను’, ఇంకో పాదంలో ‘పోలేకున్నాను’ అని కలపొద్దు. ప్రాస కోసం యాస మార్చినట్టు వెంటనే పట్టుబడుతుంది. అర్థం కూడా చూసుకోవాలి: ‘మర్చిపోతలేను’ అంటే మరవడం జరగట్లేదు, ‘మరవలేను’ అంటే మరవడం నా వల్ల కాదు. పాటకు ఈ రెండిట్లో ఏది కావాలో మీరే తేల్చాలి.

నామవాచకాల సంగతి వేరు. అక్కడ పొడుగు తగ్గించడం కుదరదు, కానీ విభక్తిని మార్చొచ్చు. మాట మారదు, దాని తోక మారుతుంది, తోకతోపాటు ప్రాసలు దొరికే చోటూ మారుతుంది. ‘జ్ఞాపకం’ చూడండి. ‘జ్ఞాపకాలు’గా ఉన్నంతసేపు నిండుగా కలిసేవి వ్యాపకాలు, రూపకాలు లాంటి కొన్నే. ‘జ్ఞాపకమా’ అని పిలుపుగా మార్చగానే ‘ఆపకుమా’ వచ్చి చేరుతుంది.

నడిచే జ్ఞాపకమా
అడుగే ఆపకుమా

‘పక’కు ‘పకు’ పెట్టాం, అచ్చు మారింది. ఫర్వాలేదు. తెలుగు ప్రాస హల్లుకు సంబంధించింది. రెండో అక్షరం దగ్గర అచ్చు మారొచ్చని ఛందస్సే ఒప్పుకుంటుంది. పాదాంతంలో మాత్రం చిట్టచివరి అచ్చు మారకూడదు, అది పాడేవాళ్లు నిలబడే స్వరం. మధ్యలో అచ్చు మారడం వేగంలో కలిసిపోతుంది.

రూపం మార్చేటప్పుడు నడక కూడా మారుతుందని గుర్తుంచుకోండి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. జ్ఞాపకాలు, జ్ఞాపకమా రెండిటికీ 6 మాత్రలే. కానీ జ్ఞాప-కాలు అని మొదటిది 3+3గా విరుగుతుంది, తిశ్రగతిలో (మూడేసి మాత్రల నడకలో) హాయిగా కూర్చుంటుంది. జ్ఞాపక-మా అని రెండోది 4+2గా విరుగుతుంది, అది చతురశ్రానికి (నాలుగేసి మాత్రల నడకకు) సొంతం. చతురశ్రంలో ‘జ్ఞాపకాలు’ పెడితే ‘కా’ అనే దీర్ఘం రెండు దెబ్బల మధ్య పడి తాళానికి అడ్డం తిరుగుతుంది. కావాలని ఎదురు నడక రాస్తే అది వేరు. తెలియక పడితే పాడేవాళ్లు ‘జ్ఞాపాకలు’ అన్నట్టు సాగదీస్తారు, మాట పాడవుతుంది. కాబట్టి మొత్తం మాత్రలు కలిస్తే సరిపోదు, విరుపులు కూడా కలవాలి. ఎదు-రుచూపు అని కాకుండా నిరీ-క్షణం, ఎదురు-చూపు, పలక-రింపు అని 3+3గా పక్కపక్కన రాసుకుంటే ఏది దేనికి జోడీ అవుతుందో కంటికే కనిపిస్తుంది.

మాటను విరిచి రెండు మూడు మాటలతో ప్రాస కట్టడం పెద్ద పదాలకు ఉన్న అసలైన మందు. ఒక్క మాటకు ఒక్క మాటే జోడీ కావాలని ఎక్కడా లేదు. ‘జ్ఞాపకాలు’ 2, 1, 2, 1. అదే కొలతలో ‘చాపె కాలు’ అనొచ్చు.

ఇంటినిండ జ్ఞాపకాలు
అరుగు మీద చాపె కాలు

అక్కడ ‘కాలు’ బహువచనం తోక, ఇక్కడ నిజంగా కాలు. తోకకు మాటతో ప్రాస కట్టినప్పుడు చెవి ఉలిక్కిపడి మరీ సంతోషిస్తుంది. ‘చాపె’ అన్న రూపం జానపద వరసలో చెల్లుతుంది. పట్నం కుర్రాడి పాటలో అయితే చెల్లదు, అక్కడ ‘వ్యాపకాలు’ దగ్గరే ఉండిపోవడం మేలు.

‘నిరీక్షణ’కూ ఇదే పద్ధతి. ‘నిరీక్షణం’ అంటే 1, 2, 1, 2. ‘ప్రతీ క్షణం’ అన్నా 1, 2, 1, 2. ఇక్కడ దీర్ఘం విషయంలో జాగ్రత్త కావాలి. ‘ప్రతి క్షణం’ అని రెండు విడి మాటలుగా పలికితే ‘తి’ లఘువుగానే ఉంటుంది, మొత్తం 5 మాత్రలు. ‘ప్రతిక్షణం’ అని సమాసంగా అతికించి పలికితే ‘తి’ గురువవుతుంది, 6 మాత్రలు. కాగితం మీద రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. పాడేవాళ్లకు ఇచ్చే ప్రతిలో ఏది కావాలో దాన్నే రాయండి, 6 కావాలంటే ‘ప్రతీ క్షణం’ అని దీర్ఘంతో రాయడమే క్షేమం.

ఊరి పేర్లు, ఇంగ్లీషు మాటలు కూడా ఇలాగే లొంగుతాయి. ‘హైదరాబాదు’ 2, 1, 2, 2, 1, మొత్తం 8, విరుపు 3+5. చివరి ‘బాదు’కు కాదు, రాదు, లేదు అని పెడితే చాలా చవకగా ఉంటుంది. వెనక్కి వెళ్లి ‘దరాబాదు’ మొత్తం తీసుకోండి. ద, ర, బ, ద. అదే హల్లుల వరుస ‘ఎదురు రాబోదు’లో ఉంది, ‘ర’ ఒకటి అదనం. మాత్రలు 8, విరుపు 3+5.

నువ్వు లేని హైదరాబాదు
నవ్వు కూడ ఎదురు రాబోదు

హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాటలకు ఉకారం తగిలించడమో, విభక్తి తగిలించడమో చేయాలి. తెలుగు పాట పాదాంతంలో హల్లు మీద నిలబడితే స్వరం సాగదు, మూతపడుతుంది. ‘సిగ్నల్’ అని ఆపేకంటే ‘సిగ్నల్లో’ అనండి. వెంటనే ‘సిగ్గుల్లో’ దొరుకుతుంది, రెండూ 2, 2, 2. ‘ల్’తో ముగిసే మాటలన్నీ ఇలా ‘ల్లో’, ‘ల్లా’ అని ద్విత్వం తెచ్చుకుంటాయి కాబట్టి తెలుగు బహువచనాలతో బాగా కలుస్తాయి.

‘విద్యాలయం’, ‘హిమాలయం’, ‘దేవాలయం’ లాంటి సమాసాల దగ్గర పొరపడొద్దు. మూడింటిలోనూ ఉన్నది ‘ఆలయం’ అనే ఒకే మాట. అవి ప్రాసలా వినిపిస్తాయి గానీ అది ఒకే మాటను మూడుసార్లు పాడటమే. ‘ఉత్తరం’, ‘ప్రత్యుత్తరం’ కూడా అంతే. ‘ఆలయం’కు నిలయం, వలయం, ప్రళయం లాంటి వేరే మాటల్ని కట్టండి. ళకారానికి లకారం పాటలో ఇబ్బంది పెట్టదు, న-ణలు కూడా అంతే. ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి: ద్విత్వానికి ఒంటి హల్లు, సున్నకు సున్న లేనిది. నవ్వుకు పువ్వు, దువ్వు, రువ్వు కలుస్తాయి, ‘నవ’ కలవదు. పంటకు మంట, వంట, జంట కలుస్తాయి, ‘పట’ కలవదు. చదివేటప్పుడు చిన్న తేడాలాగే ఉంటుంది, పాడేటప్పుడు తాళంలో ఒక మాత్ర చిల్లుపడుతుంది.

ఇంకా జోడీ దొరకలేదంటే మాటకున్న రెండో రూపం చూడండి. సంస్కృతం నుంచి వచ్చిన చాలా పెద్ద మాటలకు మన భాషలో పొట్టి రూపమో వేరే మాటో ఉంటుంది. ప్రయాణానికి పయనం ఉంది: మొదటిదానికి కల్యాణం, నిర్యాణం తప్ప నిండుగా కలిసేవి అరుదు, రెండోదానికి నయనం, శయనం ఉన్నాయి, మాత్రలు మాత్రం 5 నుంచి 4కు తగ్గుతాయి. సముద్రానికి సంద్రం, కడలి. రాత్రికి రాతిరి, రేయి. నిరీక్షణకు ఎదురుచూపు, ఇదైతే ‘నిరీక్షణం’తో సమానంగా 6 మాత్రలే, ట్యూన్ కదలకుండా మార్చుకోవచ్చు. ‘చూపు’ వచ్చిందంటే రేపు, వైపు, మాపు, కాపు అన్నీ వచ్చినట్టే. ‘ఎదురుచూపు’కు ‘మొదలు రేపు’ అంటే చివరే కాక రెండో అక్షరం ద కూడా కలుస్తుంది.

రెండో అక్షరం మాటెత్తాను కాబట్టి అది చెప్పాలి. నా లెక్కలో పెద్ద పదాలకు అన్నిటికంటే మంచి చోటు పాదం మొదలు. తెలుగు చెవి ప్రాస కోసం మొదట వెతికేది అక్కడే. ద్విపదకు (రెండేసి పాదాల పద్యానికి) రెండో అక్షరం ప్రాస తప్పనిసరి, అది లేకపోతే దాన్ని మంజరీ ద్విపద అని వేరే పేరుతో పిలుస్తారు. అంత్యప్రాస అడిగే రగడలు అనే పద్యాలు కూడా దానితోపాటు ఆదిప్రాసను అడుగుతాయి. చివర నాలుగక్షరాలు కలపడానికి తంటాలు పడే మాటను మొదటికి తెస్తే ఒక్క హల్లు కలిస్తే చాలు. షరతు ఒకటే: దాని ముందున్న అక్షరం గురువైతే రెండు పాదాల్లోనూ గురువు, లఘువైతే రెండింటా లఘువు.

‘జ్ఞాపకాలు’ మొదటికి వస్తే గురువు తర్వాత పకారం కావాలి. చూపు, తీపి, రేపటి, దీపం, కోపం, లోపల, గోపురం, కాపలా, ఓపిక, వేపచెట్టు. ఇన్నున్నాయి.

జ్ఞాపకాల సంచి మోసి
రేపటూరి దారి చూసి

తిశ్రంలో 3+3+3+3 చొప్పున నడుస్తాయి, చివర మోసి, చూసి చిన్న ప్రాసతో సరిపోయింది. పెద్ద మాట ముందు, చిన్న ప్రాస వెనక. ఈ అమరికలో పాదాలు తేలిగ్గా ఉంటాయి. ‘నిరీక్షణ’ మొదట ఉంటే లఘువు తర్వాత రకారం: మరల, చెరగని, తరలి, పరుగు, కురిసిన. ‘హైదరాబాదు’ మొదట ఉంటే ఏదో, కాదని, చేదు, మోదుగ, గోదారి.

తోకల జాబితా కంప్యూటర్లో చేసుకోవాలనుకుంటే అది కూడా సాధ్యమే. తెలుగు విక్షనరీ డేటాను ఎవరైనా దించుకోవచ్చు. అందులో మాటల పేర్లను ఒక షీట్‌లో ఒకే నిలువు వరసలో పెట్టి, ఫిల్టర్‌లో ‘టెక్స్ట్ ఎండ్స్ విత్’ ఎంచుకుని తోక ఇవ్వండి. మూడు చోట్ల తప్పుతుంది. ఒకటి, ‘కం’ అని ఇస్తే ‘క్కం’తో ముగిసేవి కూడా వస్తాయి, ఎందుకంటే యూనికోడ్‌లో ద్విత్వం అంటే క, పొల్లు, మళ్లీ క. అవి చేత్తో ఏరేయాలి. రెండు, ‘ఆణం’ తోక కావాలంటే ‘ఆ’ అక్షరం కొట్టకూడదు, దీర్ఘం గుర్తు కావాలి. దాన్ని విడిగా కొట్టడం కష్టమైతే ముందు హల్లుతో కలిపి ‘యాణం’, ‘మాణం’ అని ఒక్కొక్కటిగా ఇవ్వండి. మూడు, సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్య కంటికి కనబడని విడదీసే గుర్తు ఉంటుంది, అది ఉంటే వెతుకులాటకు మాట చిక్కకపోవచ్చు. ముందే ఫైండ్ అండ్ రీప్లేస్‌తో తీసేయండి. తోకను పొడుగ్గా మొదలుపెట్టి తగ్గిస్తూ రావాలి: ముందు ‘లకరింపు’, తర్వాత ‘కరింపు’, చివరికి ‘రింపు’. ఇందులో మీ క్రియారూపాలు దొరకవు, వాటికి నోటి గుణింతమే.

ఇలా పది పన్నెండు మాటలు చేరాక ఏరుకోవడం మొదలవుతుంది. వరసలో ఎక్కువ అక్షరాలు కలిసినదాన్ని ఎంచుకోవాలని లేదు. పాట చెప్పేదానికి దగ్గరగా ఉండి రెండక్షరాలే కలిసినా అదే తీసుకోండి. పరీక్ష సులువు: పాదాన్ని ట్యూన్ లేకుండా మామూలుగా ఎదుటివాళ్లతో చెప్పినట్టు పలకండి. ‘మరి’, ‘సుమా’, ‘కదా’, ‘ఓ’ లాంటివి తీసేసినా అర్థం చెడలేదంటే అవి మాత్రల కోసం కూరినవి. ఇప్పటి భాషలో నడిచే పాటలో ‘నాదు’, ‘నీదు’ వచ్చాయంటే ప్రాసే వాటిని లాక్కొచ్చింది.

ఏ పాదం ముందుండాలన్నదీ ముఖ్యమే. తక్కువ సహజంగా ఉన్న మాట మొదటి పాదంలో ఉండాలి, మీరు నిజంగా చెప్పదలచుకున్న మాట రెండో పాదంలో. ‘వ్యాపకాలు’ ముందు వచ్చి ‘జ్ఞాపకాలు’ తర్వాత వస్తే రెండోది దానంతటదే వచ్చి వాలినట్టుంటుంది. తారుమారు చేస్తే ‘వ్యాపకాలు’ ప్రాస కోసం తెచ్చిందని ఎవరికైనా తెలిసిపోతుంది. నాలుగు పాదాల చరణంలో ప్రతి పాదానికీ పెద్ద ప్రాస పెట్టకండి. రెండు, నాలుగు పాదాలు కలిసి, ఒకటి, మూడు స్వేచ్ఛగా ఉంటే పెద్ద మాటల్ని ఆ ఒకటి, మూడుల్లో దాచుకోవచ్చు. చరణం చివరి పాదం మాత్రం పల్లవి ఎత్తుగడకు అందించాలి, దాని ప్రాస పల్లవితో చూసుకోండి.

చివరగా పాడేవాళ్ల దగ్గర జరిగే నష్టం. పెద్ద మాట మధ్యలో ఊపిరి తీసుకునే చోటు పడితే మాట రెండు ముక్కలై వేరే అర్థం వస్తుంది. ‘కలవరం’ మధ్యలో ఆగితే ‘కల, వరం’ అవుతుంది. అదే కావాలనుకుంటే యమకం (అవే అక్షరాలను వేరే అర్థంతో వాడే అలంకారం), లేకపోతే తప్పు. పాదం చివరి హ్రస్వాన్ని సాగదీయడం మామూలే, మొదట్లో సాగదీస్తే ప్రమాదం: ‘నిరీక్షణ’లో ‘ని’ మీద పొడుగు స్వరం పడితే ‘నీ రీక్షణ’ అని వినిపిస్తుంది, ‘కల’ మీద పడితే ‘కాల’ అవుతుంది. అందుకని ట్యూన్‌లో పొడుగు స్వరాలు ఎక్కడున్నాయో ముందే గుర్తు పెట్టుకుని, పెద్ద మాటలోని గురువు సరిగ్గా అక్కడ పడేలా జరపండి. ప్రతి తయారయ్యాక పెద్ద మాటల్లో విరుపు దగ్గర గీత గీసి ఇవ్వండి, జ్ఞాప/కాలు, నిరీ/క్షణం అని. ఫోన్‌లో ఒకసారి పాడించి రికార్డు చేసి, సాహిత్యం చదవని మనిషికి వినిపించి, పాదం చివర ఏం విన్నారో రాయమనండి. వాళ్లు రాసిన మాట మీ మాట కాకపోతే ఆ పాదం మళ్లీ రాయాలి.